నేల పదును

జూన్ నెల వచ్చిందంటే తెలుగు పత్రికల వ్యవసాయ పేజీల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: పదునైన వాన. పదునైన వాన పడ్డాకే పత్తి గింజ వేసుకోవాలి, పదును లేకుండా తొందరపడితే మొలక రాదు అని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తుంటారు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లలు ఆ మాట చదివితే ముఖం మీద గుచ్చుకునే చినుకుల్నీ, చెళ్లున కొట్టే జడినీ ఊహించుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు విన్న పదును కత్తిది, బ్లేడుది, మహా అయితే విమర్శది. నేలకు కూడా పదును ఉంటుందని చెప్పేవాళ్లు వాళ్ల చుట్టూ లేరు.

నాకు ఈ మాట మీద ప్రత్యేకమైన మమకారం ఉంది. మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవాళ్లకీ, పెరట్లో రెండు మళ్లు తవ్వుకుని వంగ, బెండ వేసుకునేవాళ్లకీ మట్టి గురించి మొదట తెలియవలసింది ఈ మూడక్షరాల్లోనే ఉందని నా నమ్మకం. అందుకే దీన్ని కాస్త తవ్వి చూడాలనిపించింది.

వాన పడుతుంది, నేల తడుస్తుంది. ఆ గంటలో నేలలో ఉన్నది తడి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోయి గాలికి చోటుండదు. ఒకటి రెండు రోజులు గడిస్తే పెద్ద ఖాళీల్లోని నీరు కిందికి దిగిపోయి ఆ చోటికి గాలి వస్తుంది. చిన్న ఖాళీల్లో మాత్రం నీరు నిలిచి ఉంటుంది. అప్పుడు పిడికెడు మన్ను తీసి నొక్కండి. ముద్ద కడుతుంది. బొటనవేలితో పొడిస్తే ఆ ముద్ద పగిలి చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. చేతికి జిగురు అంటదు, నాగలి కర్రుకు మట్టి పట్టదు. గింజ వేస్తే దానికి నీరూ అందుతుంది, ఊపిరీ అందుతుంది. ఈ స్థితి పేరు పదును. పత్తి విత్తడానికి తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్లు కురిసేదాకా ఆగమని చెప్పే సలహాలన్నీ నేలకు ఆ స్థితి రావడం కోసమే. మన పాతవాళ్లు మిల్లీమీటర్లు కొలవలేదు. పదునువాన అన్నారు, అంతే. వానను దాని పరిమాణంతో కాకుండా అది నేలలో చేసిన పనితో కొలిచిన మాట అది.

పదును, పదను అని రెండు రూపాలున్నాయి. అదును, అదను అన్న జంట కూడా ఇలాంటిదే. నడిమి అచ్చు చివరి ఉకారానికి లొంగిపోవడం తెలుగులో మామూలు. పదను పాతది, పదును దాని మీద వచ్చింది. రెండూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు కాలానికే ఈ మాటకు వాడి, తేమ అన్న రెండు అర్థాలూ పక్కపక్కన ఉన్నాయి. చూడగానే ఇవి రెండు వేర్వేరు మాటలు ఒకే రూపంలోకి వచ్చి చేరాయేమో అనిపిస్తుంది. ఇనుప అంచుకూ తడిసిన మట్టికీ ఏమిటి చుట్టరికం?

ఇరుగుపొరుగు భాషల్ని అడిగితే సందేహం తీరుతుంది. తమిళంలో పదం, పదన్ అని ఉన్నాయి. సరిగ్గా కుదిరిన పాకాన్నీ, తగిన స్థితినీ పదం అంటారు. కుండెడు అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందని మనం చెప్పే సామెతలో వాళ్లు వాడేది ఈ పదమే. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట వైపు తోళ్ల కార్ఖానాల పేర్లలో పదనిడుదల్ అన్న మాట కనిపిస్తుంది. తోలును పదను పెట్టడం అని దానర్థం. కన్నడంలో ఇదే హద. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు పాత పకారం అక్కడ హకారం అయింది. వాళ్లు నేలనూ హద చేస్తారు, తోలునూ హద చేస్తారు, సరైన వేళకు సరిపడా కురిసిన వానను హదవాద మళె అంటారు. బరో, ఎమెనో 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మాటలన్నిటినీ ఒకే కుటుంబంగా చేర్చింది. శబ్దం, అడుగు అన్న అర్థాల్లో మనం వాడే సంస్కృత పదంతో దీనికి ఏ బంధుత్వమూ లేదు. రూపం కలిసింది, అంతే.

తోలు ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పాలి. తెలుగులో కూడా తోలును పదును చేస్తారు. పచ్చితోలును అలాగే వదిలేస్తే కుళ్లిపోతుంది. ఎండలో పడేస్తే చెక్కలా బిగుసుకుపోతుంది. సున్నపునీళ్లలో నానబెట్టి, బొచ్చు తీసి, తంగేడు చెక్కా కరక్కాయా వేసిన నీళ్లలో ఊరవేస్తేనే అది చెప్పుకూ బొక్కెనకూ పనికొచ్చే తోలవుతుంది. కుళ్లకా బిగుసుకోకా నిలిచిన ఆ నడిమి స్థితి తోలుకు పదును.

ఇనుముకు కూడా అంతే. తొలకరికి ముందు రైతులు నాగలి కర్రును కమ్మరి కొలిమికి తీసుకెళ్లేవారు. కర్రును ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, నీళ్లలో ముంచేవాడు కమ్మరి. ఎంత కాలాలో, ఎప్పుడు ముంచాలో, ఎంతసేపు ఉంచాలో ఇనుము రంగు చూసి తేల్చుకునేవాడు. వేడీ నీరూ కుదరకపోతే కర్రు పెళుసెక్కి రాయి తగలగానే విరుగుతుంది, లేదా మెత్తబడి వంగిపోతుంది. రెండూ కాకుండా కుదిరితే పదును పట్టిందంటారు. వాడి ఆ కుదురు వల్ల వచ్చిన ఫలితం. ఇనుములో పదును ఉంటే అంచుకు వాడి నిలుస్తుంది. క్రమంగా ఫలితమే అసలు అర్థం అయిపోయింది.

ఇలా చూస్తే మాట ఒక్కటే, అర్థమూ ఒక్కటే. ఒక పదార్థం తన పనికి సిద్ధమైన స్థితి పదును. అటు ఎక్కువ, ఇటు తక్కువ ఉన్న ఒక ఇరుకు చోటు అది. మృగశిర కార్తె రోజుల్లో ఒకే రైతు నోట, ఒకే వారంలో, కర్రు పదునూ నేల పదునూ రెండూ వచ్చేవి. పదును పట్టిన కర్రు పదునెక్కిన నేలలో దిగేది. ఆ నోట ఈ మాటకు రెండు అర్థాలున్నాయన్న ఊహే వచ్చి ఉండదు. నాగలి వెళ్లిపోయి, కొలిమి ఆరిపోయి, కత్తి మాత్రం పట్నం వంటింట్లో మిగిలాక మాట సగం తెగిపోయి మన దగ్గరికి వచ్చింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో ప్రారంభించింది. ఇలాంటి మాటలు రైతుతో పాటే వెళ్లిపోతాయన్న ఎరుక ఆ పనికి పూనుకున్నవాళ్లకు ఉందని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ ఒక స్వీడన్ మనిషిని తలుచుకోవాలి. ఆల్బర్ట్ ఆటెర్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త కాల్మార్ పట్టణంలో విత్తనాల పరీక్షా కేంద్రం నడిపేవాడు. బంకమట్టి నీటి శాతం మారేకొద్దీ ఎలా ప్రవర్తిస్తుందో ఆయన 1911లో హద్దులు గీసి చూపించాడు. నీరు బాగా ఎక్కువైతే మట్టి పారుతుంది. కాస్త తగ్గితే ఎలా వంచితే అలా వంగే ముద్ద అవుతుంది. ఇంకా తగ్గితే చేతుల మధ్య తాడులా పేనబోతే తునిగి పొడవుతుంది. ఆ తునిగే చోటును ఆయన సాగుడు గుణానికి కింది హద్దు అన్నాడు. నేలను దున్నడానికి, తవ్వడానికి మంచి సమయం సరిగ్గా ఆ హద్దుకు కాస్త కిందనే ఉంటుందని తర్వాతి నేలశాస్త్రం తేల్చింది. ఆటెర్‌బర్గ్ హద్దుల్ని ఇప్పుడు ఎక్కువగా వాడేది రోడ్లూ పునాదులూ కట్టే ఇంజనీర్లు. కానీ ఆయన మొదట ఆలోచించింది సాగునేలల గురించి. పిడికెడు మట్టి నొక్కి, బొటనవేలితో పొడిచి చూసే మన మెట్టరైతు చేసేది కూడా ఆ పరీక్షే. ఒకరు దానికి అంకె ఇచ్చారు, ఒకరు పేరు పెట్టుకున్నారు.

పెరటి తోటల మీద ఇప్పుడు వస్తున్న తెలుగు పుస్తకాల్లో, వ్యాసాల్లో పదును అన్న మాట దాదాపు లేదు. దాని బదులు తేమ ఉంది. మట్టిలో ఎప్పుడూ తేమ ఉండేలా చూసుకోండి అంటారు. తేమ మంచి మాటే, కానీ అది పరిమాణాన్ని చెబుతుంది. సుమారు లెక్క చెబుతాను. ఇసుక నేల మిగులు నీటిని వదిలేశాక తనలో నిలుపుకునేది తన ఘనపరిమాణంలో పదో వంతు అటూ ఇటూ. అంతటితో దానికి నీరు నిండినట్టే. బంకమట్టిలో నాలుగో వంతు నీరున్నా మొక్క వాడిపోవచ్చు. ఎందుకంటే అతి సన్నని రేణువులు ఆ నీటిని బిగించి పట్టుకుని వేరుకు ఇవ్వవు. అంటే ఇసుకలో మొక్క హాయిగా ఉండే తేమకు రెట్టింపు తేమ దగ్గర బంకమట్టిలో మొక్క దాహంతో చస్తుంది. బజారులో దొరికే తేమ కొలిచే మీటరును గుచ్చితే అది ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె ఏ మట్టిలోనిదో తెలియకపోతే దానికి అర్థం లేదు. పదును అన్న మాట మాత్రం ముందే మట్టిని కలుపుకుని మాట్లాడుతుంది. ఇసుకకు ఇసుక పదును, రేగడికి రేగడి పదును.

ఈ తేడా కళ్లతో చూడాలంటే హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ భూములు మంచి చోటు. 1972లో ఆ సంస్థను అక్కడ పెట్టినప్పుడు ఎర్ర చెల్కలూ నల్లరేగళ్లూ ఒకే ఆవరణలో దొరకడం ఒక పెద్ద సౌకర్యం అయింది. చెల్క వాన పడగానే నీటిని దింపేసుకుంటుంది. పదును త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. వాన వెలిసి ఎండ కాస్తే పైన గట్టి పొర కట్టి, మొలక దాన్ని పగలగొట్టలేక లోపలే ముడుచుకుపోతుంది. రేగడి సంగతి వేరు. దాని బంకరేణువులు నీరు తాగి ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తాయి. తడి మీద కాలు పెట్టనివ్వదు, ఎండితే పలుగు దిగనివ్వదు. రెంటి మధ్య పదును రోజులు చాలా కొద్ది. అందుకే ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రేగడి కోసం ఎత్తైన వెడల్పాటి మళ్లూ వాటి మధ్య కాలువలూ వేసి, వానలు మొదలయ్యే ముందే పొడినేలలో విత్తే పద్ధతిని ప్రయోగించారు. పదును దొరకడం కష్టమైన నేలలో ముందే గింజ వేసి ఉంచడం అది.

పెరట్లో ఏ మట్టి ఉందో తెలుసుకోవడానికి గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది. ఒండ్రు కొన్ని గంటలు తీసుకుంటుంది. బంక ఒక రోజు దాటినా నీటిని మబ్బుగానే ఉంచుతుంది. పొరల మందం చూస్తే పాళ్లు తెలుస్తాయి. బంక పాలు ఎక్కువైతే మీ పెరడు రేగడి స్వభావంతో ఉన్నట్టు, పదును కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఇసుక పాలు ఎక్కువైతే పదును నిలపడమే మీ పని. బంకమట్టిలో నాలుగు తట్టల ఇసుక కలిపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ కాస్త ఇసుక రేణువుల సందులన్నీ బంకతో నిండిపోయి మట్టి మునుపటికంటే గట్టిపడవచ్చు. దానికి కావలసింది బాగా మాగిన పశువుల ఎరువు, ఆకుచెత్త ఎరువు. అవి చివికేకొద్దీ పుట్టే జిగురూ, సూక్ష్మజీవులూ, సన్నని బూజు పోగులూ కలిసి బంకరేణువుల్ని పలుకులుగా కట్టి నేలను గుల్లపరుస్తాయి. గుల్లబారిన నేలకు పదును రోజులు పెరుగుతాయి. ఎరువు మొక్కకు తిండి అని మాత్రమే మనం అనుకుంటాం. అది నేలకు పదును గడువు పొడిగిస్తుందన్నది నాకు అంతకంటే పెద్ద సంగతి.

పదునుకు రాకముందు, అంటే తడి మీదనే నేలను తవ్వితే ఏమవుతుందో ఒకసారి చూస్తే మరచిపోరు. పార దిగిన చోట మట్టి నున్నగా, మెరుస్తూ కోసుకుపోతుంది. ఆ మెరుపు సందులన్నీ మూసుకుపోయాయనడానికి గుర్తు. ఎండాక ఆ పెళ్లలు ఇటుకల్లా తయారై ఒక వాన దాకా పగలవు. వరి రైతు దమ్ము చేసేటప్పుడు కావాలనే ఈ పని చేస్తాడు. మట్టి పలుకుల్ని నీళ్లలో తొక్కించి, నలగ్గొట్టి, నీరు కిందికి ఇంకకుండా బురద చేస్తాడు. పదును మెట్ట మాట. మాగాణిలో దానికి ఎదురుగా నిలిచేది దమ్ము. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరిచేని మట్టిని తెచ్చి కుండీలు నింపుకునేవాళ్ల మొక్కలు ఎందుకు సరిగా ఎదగవో ఈ రెండు మాటల్లో తెలిసిపోతుంది. తరతరాలుగా దమ్ము చేసిన మట్టి అది. పదునుకు రావడం మరచిపోయింది.

అనుమానం ఉన్నవాళ్లు భూసార పరీక్ష చేయించుకుంటారు. చేయించుకోవాలి కూడా. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో ఒక్కో నమూనాకు 12 అంశాలు చూస్తారు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాల పాలు, సేంద్రియ కర్బనం. నమూనా తీసే పద్ధతి చూడండి. 15 సెంటీమీటర్ల లోతున తీసిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అరకిలోకు తెచ్చి, నీడలో ఆరబెట్టి పంపాలి. ఆరబెట్టడంతో పదును పోతుంది. పరీక్ష అక్కడ మొదలవుతుంది. ఇది పరీక్షలో లోపం కాదు. అది సారాన్ని కొలుస్తుంది. సారం సంచిలో కట్టి పంపగలిగిన వస్తువు. పదును చోటును వదిలి రాదు. నేలనూ ఆ రోజు ఎండనూ మొన్నటి వాననూ అది విడిచిపెట్టదు.

సారం ఉండి పదును లేకపోతే మొక్కకు ఆ సారం అందదు. పోషకాలు వేరును చేరేది నీటిలో కరిగే. నేల ఎండితే అవి రేణువులకు అతుక్కునే ఉంటాయి. నీరు నిలిచి నేల జౌకెక్కితే వేరుకు ఊపిరాడదు, ఊపిరాడని వేరు తాగలేదు. అందుకే నీళ్లు ఎక్కువైన మొక్క కూడా దాహంతో ఉన్నట్టే వాడిపోతుంది, చూసినవాళ్లు ఇంకా నీళ్లు పోస్తారు. పైగా గాలి లేని మట్టిలో కొన్ని సూక్ష్మజీవులు నత్రజనిని వాయువుగా మార్చి వదిలేస్తాయి. ఆకు పసుపెక్కిందని ఎరువు వేసే ముందు కుండీలో వేలు గుచ్చి చూడాలి.

కుండీ అన్నాక దాని ధర్మం వేరని గుర్తుంచుకోవాలి. నేలలో మిగులు నీరు లోతుకు దిగిపోతుంది. కుండీలో లోతు లేదు. మట్టి సన్నని సందులు నీటిని పట్టుకోవడం వల్ల రంధ్రం ఉన్నా అడుగున కొంత మందం ఎప్పుడూ చిత్తడిగానే ఉంటుంది. ఆ మందం కుండీ ఎత్తును బట్టి మారదు, మట్టిని బట్టి మారుతుంది. అందుకే పొట్టి కుండీలో సగం వేళ్లు చిత్తడిలోనే ఉంటాయి. అడుగున గులకరాళ్లు, పెంకులు మందంగా పరిస్తే నీరు బాగా పోతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. కానీ సన్నమట్టి నిండుగా తడిసేదాకా అందులోని నీరు ముతక రాళ్లలోకి దిగదు. రాళ్లు పోసినంత మేరా చిత్తడి పైకి జరుగుతుంది, వేరుకు పదును చోటు తగ్గుతుంది. రంధ్రం మట్టితో మూసుకుపోకుండా ఒక పెంకుముక్కో, కొబ్బరిపీచో చాలు. మిద్దెతోటలవాళ్లు ఎర్రమట్టిలో పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలపడం వెనక ఉన్న కారణం కూడా ఇదే. కొబ్బరిపొట్టు నీటినీ పట్టుకుంటుంది, పెద్ద సందులూ ఇస్తుంది, మేడకు బరువూ తగ్గిస్తుంది. మేడ మీది గాలికీ ఎండకీ పైపొర గంటల్లో ఆరుతుంది, అడుగు తడిగానే ఉంటుంది. పైన చూసి నీళ్లు పోసేవాళ్లు అడుగును ముంచుతారు. రెండు అంగుళాల లోతున వేలికి తగిలేదే ఆ కుండీ పదును.

ప్రకృతి వ్యవసాయం నేర్చుకున్నవాళ్లకు వాపస అన్న మాట తెలుసు. సుభాష్ పాలేకర్ బోధించిన పద్ధతిలో బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదనల తర్వాత నాలుగోది అది. మట్టి రేణువుల మధ్య నీరూ గాలీ కలిసి ఉండే స్థితి అని వివరిస్తారు. శిక్షణ తరగతుల నుంచి అది మిద్దెతోటల దాకా వచ్చింది. వాపస మరాఠీ రైతుల మాట. వాన వెలిశాక నేల దుక్కికీ విత్తుకీ అనువైన స్థితికి రావడాన్ని వాళ్లు అలా అంటారు. విదర్భ రైతైన పాలేకర్ తన ఇంటి మాటను శాస్త్రంగా చెప్పుకున్నాడు, అది మనకు నచ్చింది, తీసుకున్నాం. అరువు తెచ్చుకోవడంలో తప్పు లేదు. కానీ అనంతపురం మెట్టలో, మహబూబ్‌నగర్ చెల్కల్లో ఆ మాట నేర్పుతున్నప్పుడు ఎదురుగా కూర్చున్న పెద్దాయనకు పదును అని చెబితే సగం పాఠం అక్కడికక్కడే అయిపోతుంది. మిగతా సగం ఆయనే చెబుతాడు.

ఈ మాటతో చేరే క్రియల్ని గమనిస్తే ఇంకొక సంగతి కనిపిస్తుంది. కత్తికి పదును పెడతాం. తోలును పదును చేస్తాం. నేల దగ్గరికి వచ్చేసరికి వ్యాకరణం మారుతుంది. నేల పదునుకు వస్తుంది, పదునెక్కుతుంది, పదును ఆరిపోతుంది. ఇనుముతో మనిషి కర్త. నేలతో నేలే కర్త, మనిషి కనిపెట్టుకుని ఉండేవాడు. అదునూ పదునూ జంటగా చెప్పడంలో కూడా ఈ తేడా ఉంది. అదును కార్తెతో వస్తుంది, పంచాంగంలో ముందే తెలుస్తుంది. పదును మాత్రం ఆ రోజు ఆ చేలో అడుగుపెట్టి మట్టి పట్టి చూస్తేనే తెలుస్తుంది. అదును వచ్చి పదును రాకపోవడమే మెట్టరైతుకు తరచు ఎదురయ్యే బాధ. పెరటి తోటలో మనకు కొళాయి ఉంది కాబట్టి అదును గొడవ పెద్దగా లేదు. పదును గొడవ మాత్రం అలాగే ఉంది. నీళ్లు పోయడం మన చేతిలో ఉంది. పదునుకు రావడం మట్టి చేతిలోనే ఉంది. మళ్లలో ఎండుగడ్డో ఆకులో పరిచి దాన్ని కొన్నాళ్లు నిలపగలం. పిలవగానే రప్పించలేం.

పదును చుట్టూ ఇంకా కొన్ని మాటలున్నాయి. పెట్టిన నీటిని లెక్కించే మాట తడి. వేరుశనగకు ఇన్ని తడులు, మిర్చికి ఇన్ని తడులు అని చెబుతారు. రెండు తడుల మధ్య నేలను ఆరనిచ్చి పండించేది ఆరుతడి పంట. ఇందులోని ఆరు అంకె కాదు, ఆరడం. నీరు పెద్దగా కనిపించకుండా చేతికి చల్లగా తగిలేది చెమ్మ. కురుస్తున్న వాన కొన్నాళ్లు ఆగితే ఒరుపు ఇచ్చిందంటారు. కలుపు తీయడానికీ, గుంటక తోలడానికీ రైతు ఒరుపు కోసం ఎదురుచూస్తాడు. ఒరుపు సాగి సాగి చేను వాడుముఖం పడితే అది బెట్ట. తడి, పదును, చెమ్మ, ఒరుపు, బెట్ట అన్న మాటలు వరసగా తెలిసినవాళ్లకు ఒక టమాటా కుండీ నీళ్లు పోసిన పూట నుంచి ఆకు వాలే పూట దాకా ఏ మెట్టు మీద ఉందో పేరుపెట్టి చెప్పడం వస్తుంది. పేరుపెట్టగలిగినప్పుడు చూడటం కూడా వస్తుందని నాకు అనుభవం.

పదునే ఎప్పుడూ మంచిదని కూడా అనుకోకూడదు. నిమ్మతోటను పూతకు ముందు కొన్ని వారాలు కావాలనే బెట్టకు వదులుతారు. నీరు అందక చెట్టు ఆకు ముడుచుకుని చిగురు ఆపేస్తుంది. అప్పుడు తడి పెడితే చిగురుతో పాటు పూత ఒక్కసారి తోసుకొస్తుంది. మల్లెకు కూడా అంతే. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకులు రాల్చి, కొమ్మలు కత్తిరించి వదిలి, తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే ఎండలు ముదిరేసరికి మొగ్గ తొడుగుతుంది. పెరట్లో ఒక మల్లె పొద, ఒక నిమ్మచెట్టు, ఒక పాలకూర మడి పక్కపక్కన ఉంటే ఆ నెలల్లో మూడింటికీ ఒకే గొట్టంతో ఒకే రోజు నీళ్లు పెట్టడం కుదరదు. పాలకూరకు పదును తప్పకూడదు. నిమ్మకూ మల్లెకూ పదును రాకూడదు.